కెంటకీ భూమి దావాలు, హెన్రీ క్లే వకాలతు: చేతిలో పట్టా ఉండి కూడా ఎందుకు ఓడిపోయేవారు?

సరిహద్దు_చరిత్ర (ప్రశ్న)

అమెరికా రాజకీయ నాయకుడు హెన్రీ క్లే గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1797 నవంబరులో వర్జీనియాలో లైసెన్సు తీసుకుని, 20 ఏళ్ల వయసులో కెంటకీలోని లెక్సింగ్టన్ వచ్చాడు. 1803లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు, 1806లో సెనేట్‌కు, 1811లో ప్రతినిధుల సభ స్పీకర్. ఇంత తొందరగా పైకి రావడానికి కారణం "భూమి దావాలు" అని అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. అడవి నిండా ఖాళీ నేల ఉన్న చోట అన్ని దావాలు ఎందుకు వచ్చాయి? గవర్నరు సంతకంతో పట్టా చేతికి వచ్చాక కూడా జనం భూమి ఎలా పోగొట్టుకున్నారు? ఆ దావాలో ప్లీడరు నిజంగా చేసే పని ఏమిటి? ఇంకొకటి, క్లే కక్షిదారుల్లో ఒక్కడు కూడా ఉరికంబం ఎక్కలేదన్న మాట నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గొలుసు_లింకు

మొదట ఒక్క సంగతి పట్టుకోండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. మన దగ్గర ప్రభుత్వం ముందు కొలిచి, సర్వే నంబరు వేసి, ఆ తర్వాత పట్టా ఇచ్చింది. కెంటకీలో అంతా తలకిందులు. అప్పట్లో అది వర్జీనియాలో భాగం. ఆ రాష్ట్రం 1779 చట్టంతో ముందు కాగితం అమ్మింది, నేల ఎక్కడో వెతుక్కునే పని కొన్నవాడికే వదిలేసింది.

1778 జనవరి 1కి ముందే వచ్చి ఏడాది కాపురమున్నవాళ్లకు, లేదా మొక్కజొన్న పంట తీసినవాళ్లకు 400 ఎకరాల స్థిరనివాస హక్కు, దాన్ని ఆనుకుని ఇంకో 1,000 ఎకరాలు ముందుగా కొనుక్కునే హక్కు. వీళ్లు కాక డబ్బు కట్టిన ఎవరికైనా ట్రెజరీ వారంట్ ఇచ్చారు. మొదట్లో ధర 100 ఎకరాలకు 40 పౌండ్లు, అదీ రోజురోజుకూ విలువ పడిపోతున్న కాగితపు డబ్బులో. కెంటకీ ముఖం చూడనివాళ్లు కూడా కొనిపడేశారు. వారంట్‌లో ఎకరాల లెక్క ఉంటుంది, చోటు ఉండదు.

ఆ తర్వాతి మెట్టు "ఎంట్రీ". వారంట్ పట్టుకుని కౌంటీ సర్వేయరు దగ్గరికి వెళ్లి, ఫలానా చోట నాకు ఇన్ని ఎకరాలు కావాలని ఆయన పుస్తకంలో రాయించాలి. పక్కన మిగిలిన నేలను మరొకరు నిస్సందేహంగా గుర్తించి రాయించుకోగలిగేంత కచ్చితంగా ఈ ఎంట్రీ ఉండాలని చట్టం చెప్పింది. కానీ అడవిలో చెక్కుబందులు ఎక్కడివి? తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన డొంక అని రాయడానికి అక్కడ పొలమూ లేదు, డొంకా లేదు. అందుకే వాగుల కూడలి, ఉప్పు ఊట, బైసన్ మందలు నడిచి పడిన బాట, పేరు చెక్కిన చెట్టు, ఇలా రాయించేవారు.

ఎంట్రీ తర్వాత సర్వే. దిక్సూచితో సర్వేయరు, గొలుసు పట్టడానికి ఇద్దరు, చెట్లకు గాట్లు పెట్టడానికి ఒకడు. ఎగుడుదిగుడు అడవిలో ఎక్కువగా వాడింది రెండు పోల్‌ల గొలుసు. పోల్ అంటే పదహారున్నర అడుగులు, కాబట్టి గొలుసు 33 అడుగులు. తెలంగాణవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు: ఆ గొలుసుతో నలువైపులా ఒక్కో గొలుసు కొలిస్తే వచ్చేది సరిగ్గా మన గుంట. గుంటకు 4 చదరపు పోల్‌లు, ఎకరాకు 160. 1,000 ఎకరాల చతురస్రానికి ఒక్కో వైపు 400 పోల్‌లు, అంటే 200 గొలుసులు, ఒకటింపావు మైలు.

సర్వే పటం ల్యాండ్ ఆఫీసుకు పంపాక కొంతకాలం ఆగాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు కేవియట్ వేసే గడువది. (మన కోర్టుల్లో కేవియట్ వేస్తే మనకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వరు, అంతవరకే. అక్కడ కేవియట్ వేస్తే పట్టా జారీయే ఆగుతుంది, హక్కు ఎవరిదో తేలాలి.) ఎవరూ అడ్డు రాకపోతే గవర్నరు సంతకంతో పట్టా.

తప్పు ఎక్కడ జరిగిందంటే ప్రతి మెట్టులోనూ. ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురు ఎంట్రీలు రాయించినా, అది ఇప్పటికే పోయిన నేల అని చెప్పగల పటం సర్వేయరు దగ్గర లేదు. పెంకుటింటి మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు హక్కులు ఎక్కేశాయి. దిక్సూచిలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 400 పోల్‌ల గీత చివర 7 పోల్‌లు, అంటే 115 అడుగులు జరుగుతుంది. ఆ ఒక్క గీత మీదే తొమ్మిది ఎకరాల దాకా అటూ ఇటూ అయిపోతాయి. పైగా అయస్కాంతపు ఉత్తరం ఏళ్లు గడిచేకొద్దీ కదులుతుంది, కాబట్టి 1780లో వేసిన గీతను 1800లో అవే డిగ్రీలతో వేస్తే పాత చెట్లకు తగలదు. గొలుసు వాడేకొద్దీ కొక్కేలు అరిగి సాగుతుంది. 2 అంగుళాలు సాగితే 200 గొలుసుల దూరంలో ఒక గొలుసు పొడవంతా లెక్కలో పోయినట్టే. అప్పుడు కాగితం మీద 1,000 ఎకరాలున్నా నేల మీద అంతకంటే ఎక్కువే ఆక్రమించి ఉంటుంది. ఆ మిగులు పక్కవాడి పటంలో కూడా ఉంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న, పట్టా ఉండి ఓడిపోవడం. అక్కడ రెండు రకాల విచారణలు. కామన్ లా కోర్టులో, అంటే కాగితం మీది హక్కునే చూసే మామూలు కోర్టులో, భూమి ఖాళీ చేయించే దావా వేస్తే, ఎవరి పట్టా తేదీ ముందుదో వాడిదే గెలుపు. ఎంట్రీల గొడవ అక్కడ వినరు. ఛాన్సరీలో, అంటే కాగితం కంటే న్యాయధర్మం చూసే ఈక్విటీ వైపు, ఎవరి ఎంట్రీ ముందుదో చూస్తారు. ఆ ఎంట్రీ చెల్లేదయితే, తర్వాత వచ్చిన పట్టా ఉన్నవాడు కూడా గెలిచి, ముందు పట్టా ఉన్నవాడి చేతే తన పేరుకు రాయించుకోగలడు. కాబట్టి 1780లో ఎంట్రీ రాయించి సర్వే ఆలస్యం చేసినవాడొకడు, 1783లో ఎంట్రీ రాయించి గబగబా పట్టా తెచ్చుకున్నవాడొకడు. ఇద్దరి మధ్య దావా ఎన్నేళ్లు సాగుతుందో ఊహించుకోండి.

అందులో ప్లీడరు పని కోర్టు హాల్లో కంటే బయటే ఎక్కువ. సర్వేయరు పుస్తకం నుంచి ఎంట్రీ నకలు, పటం, సర్టిఫికెట్, పట్టా నకలు తెప్పించి తేదీలు వరసగా పెట్టుకోవాలి. తర్వాత ఎంట్రీలో రాసిన ఒక్కో గుర్తుకూ సాక్షులను వెతకాలి. ఉదాహరణకు ఎంట్రీలో "ఫలానా వేటగాడి ఊట" అని ఉందనుకోండి. ఆ ఊట ఇప్పుడు ఉందని చూపిస్తే చాలదు. ఎంట్రీ రాసిన రోజుకే ఆ పేరు చుట్టుపక్కల జనానికి తెలుసా, వారంట్ పట్టుకుని వచ్చిన కొత్తవాడు అడిగితే నలుగురు దారి చూపగలిగేవారా అన్నది రుజువు చేయాలి. వేటగాడికీ అతని ఇద్దరు స్నేహితులకూ మాత్రమే తెలిసిన పేరయితే ఎంట్రీ చెల్లదు, దాని మీద నిలబడ్డ పట్టా బలమూ పోతుంది.

వాంగ్మూలాలు చాలాసార్లు ఆ నేల మీదే, ఆ చెట్టు పక్కనే తీసుకునేవారు. హద్దు చెట్టు మీది గాటు కాలక్రమంలో బెరడు కింద పూడిపోతుంది. అక్కడ గొడ్డలితో దుంగముక్కలా తొలిస్తే లోపల పాత గాటు నల్లగా కనిపిస్తుంది. దాని మీద పేరుకున్న వలయాలు లెక్కపెడితే గాటు పడి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. 1800లో తొలిచిన చెట్టులో 20 వలయాలుంటే 1780 నాటి గీతే. 12 ఉంటే ఎవరో తర్వాత పెట్టిన దొంగ గాటు. నోటి సాక్ష్యాలు పది ఒకవైపు, ఈ ముక్క ఒకవైపు.

ఎంట్రీలో ఆకారం చెప్పకపోతే కోర్టు తనే వేసేది. "నా గుడిసెతో కలిపి 400 ఎకరాలు" అని మాత్రమే ఉంటే, గుడిసెను నడిమధ్య పెట్టి దిక్కులకు సమంగా చతురస్రం గీసేవారు, ఒక్కో వైపు దాదాపు 253 పోల్‌లు. సర్వే పటం ఆ చతురస్రం దాటి మంచి నేల వైపు సాగి ఉంటే, దాటిన మేరకు ఆ ఎంట్రీ కాపాడదు. ప్లీడరు నైపుణ్యమంతా ఈ చతురస్రాన్ని తన కక్షిదారుకు అనుకూలంగా ఎక్కడ నిలబెట్టాలన్న దాంట్లోనే.

పాత_దస్తావేజు

పైన చెప్పినదానికి ఒక ముడి కలుపుతాను, ఎందుకంటే క్లే ఎదుగుదల రహస్యం అక్కడే ఉందని నా నమ్మకం. ఆయన చదువు ఏ కాలేజీలోనో కాదు, రిచ్‌మండ్‌లోని హైకోర్ట్ ఆఫ్ ఛాన్సరీ గుమాస్తాగిరీలో. అక్కడి ఛాన్సలర్, అంటే న్యాయమూర్తి, జార్జ్ విత్, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం నేర్పినవాడు. ఆయన కుడిచెయ్యి రాతకు సహకరించక తీర్పులు ఎత్తి రాయడానికి ఈ కుర్రాడిని పెట్టుకున్నాడు. దాదాపు నాలుగేళ్లు క్లే చేసిన పని ఛాన్సరీ తీర్పులు శుద్ధప్రతి రాయడం. ఆ తర్వాత అటార్నీ జనరల్ రాబర్ట్ బ్రూక్ దగ్గర కొద్దికాలం.

కెంటకీలో భూమి తగాదాలు తేలేది ఛాన్సరీ వైపునే అని గొలుసు_లింకు గారు చెప్పారు కదా. లెక్సింగ్టన్‌లో అప్పటికే పేరున్న ప్లీడర్లు చాలామంది. వాళ్ల మధ్య ఇరవై ఏళ్ల కుర్రాడికి చోటు దొరికిందంటే గొంతు ఒక్కటే కారణం కాదు. ఏ పిటిషన్‌లో ఏ వాక్యం లేకపోతే దావా కూలిపోతుందో ఆ వయసుకే చేతివేళ్లకు తెలిసినవాడు.

కెంటకీ 1792 జూన్ 1న రాష్ట్రమైంది. జనాభా 1790లో 73,677, 1800లో 2,20,955. పదేళ్లలో మూడింతలు. వచ్చినవాళ్లలో చాలామంది ఎవరి దగ్గరో భూమి కొన్నారు, అందులో చాలా భాగం తగాదాలో ఉన్నదే. లెక్సింగ్టన్ అప్పుడు సుమారు 1,800 జనాభా ఉన్న ఊరు. 1799లో క్లే పెళ్లాడిన లుక్రీషియా ఆ ఊళ్లో పెద్ద వ్యాపారి కర్నల్ థామస్ హార్ట్ కూతురు. మామగారి వర్తక సంబంధాలు, వాటి వెంట వచ్చే దావాలు కలిసొచ్చాయి. 1805లో ట్రాన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడి పదవి కూడా దక్కింది.

ఉరికంబం సంగతి: క్రిమినల్ కేసుల్లో ఆయన పేరు ఊరూరా పాకింది, ముఖ్యంగా జ్యూరీ ముందు మాట్లాడే తీరు వల్ల. కానీ ఆదాయం అక్కడ లేదు. తూర్పు తీరపు వర్తకుల తరఫున బాకీలు వసూలు చేయడం, భూమి దావాలు, ఈ రెండే ఇల్లు నడిపాయి. చేతిలో నగదు ఆడని చోటు కావడంతో భూమి దావాకు ఫీజు భూమి రూపంలోనే ముట్టడం ఆ ప్రాంతపు ప్లీడర్లకు మామూలు. గెలిచిన నేలలో వాటా. అందుకే సరిహద్దు ప్లీడర్లు పదేళ్లు తిరిగేసరికి భూస్వాములై కనిపిస్తారు. లెక్సింగ్టన్ శివార్లలో క్లే ఆష్‌లాండ్ ఎస్టేట్ పెరుగుతూ పెరుగుతూ 600 ఎకరాలయింది.

"పేదరికం నుంచి వచ్చిన మిల్లు కుర్రాడు" అన్నది మాత్రం ఎన్నికల ప్రచారంలో బలపడ్డ బొమ్మ. తండ్రి బాప్టిస్టు బోధకుడు, 1781లో పోయాడు. కానీ ఇంటికి పొలం ఉంది, బానిసలు ఉన్నారు.

సరిహద్దు_చరిత్ర

ఇద్దరికీ చాలా థ్యాంక్సండి. చెట్టు వలయాల సంగతి ఎక్కడా చదవలేదు. ఇంకో సందేహం. పట్టా నమ్మి కొనుక్కుని, పదిహేనేళ్లు అడవి కొట్టి, ఇల్లు కట్టుకున్నవాడు దావా ఓడిపోతే వాడి కష్టం మొత్తం పోయినట్టేనా? పరిహారం లేదా?

గొలుసు_లింకు

అసలు రాజకీయం అక్కడే పుట్టింది. పాత ఇంగ్లీషు పద్ధతి ప్రకారమయితే ఇల్లు, కంచె, కొట్టిన చేను అన్నీ గెలిచినవాడికే. అంతేకాదు, ఓడినవాడు ఇన్నాళ్లు అనుభవించినందుకు కౌలు కూడా కట్టాలి. కెంటకీ శాసనసభను ఎన్నుకునే ఓటర్లు ఎక్కువమంది సాగు చేసుకుంటున్నవాళ్లే కాబట్టి 1797లో చట్టం చేశారు: దావా నోటీసు అందేవరకు అనుభవించిన ఫలసాయం తిరిగి కట్టక్కర్లేదు, నేలకు చేసిన అభివృద్ధికి గెలిచినవాడే వెల కట్టివ్వాలి. 1812లో దాన్ని ఇంకా పెంచారు. గెలిచినవాడు చెల్లించాల్సిన మొత్తం కొన్నిసార్లు నేల విలువను మింగేసేంత అయ్యేది.

చిక్కు ఏమిటంటే, వర్జీనియా నుంచి విడిపోయేటప్పుడు 1789 ఒప్పందంలో ఒక షరతు ఉంది. వర్జీనియా చట్టాల కింద వచ్చిన భూమి హక్కులు అప్పటి వర్జీనియా చట్టాల ప్రకారమే చెల్లాలి. వర్జీనియాలో కూర్చున్న హక్కుదార్ల వారసులు దీన్ని పట్టుకుని గ్రీన్ వర్సెస్ బిడిల్ దావా సుప్రీంకోర్టుకు తెచ్చారు. 1821లో సాగుదారు తరఫున ఎవరూ హాజరు కాకుండానే తీర్పు వచ్చేసింది. అప్పుడు క్లే కోర్టుకు సాయపడే మిత్రుడి హోదాలో, మనం అమికస్ అంటామే అలా, లేచి మళ్లీ విచారించమని అడిగాడు. ఆ కోర్టులో అమికస్‌కు మొదటి ఉదాహరణగా చెప్పేది దీన్నే. కోర్టు ఒప్పుకుంది.

ఈలోగా 1822లో కెంటకీ ఆయన్నీ జార్జ్ బిబ్‌నీ రిచ్‌మండ్‌కు రాయబారం పంపింది. కుర్రతనంలో తీర్పులు ఎత్తి రాసిన ఊళ్లోనే నిలబడి, సాగుదార్ల తరఫున వర్జీనియా శాసనసభ ముందు మాట్లాడాడు. మధ్యవర్తుల ద్వారా తేల్చుకునే ప్రయత్నం వర్జీనియా ఆమోదం లేక ఆగిపోయింది. 1823లో సుప్రీంకోర్టు చివరి తీర్పు కూడా కెంటకీకి వ్యతిరేకమే: ఒప్పందాలను ఏ రాష్ట్రమూ బలహీనపరచకూడదన్న రాజ్యాంగ నిబంధన రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందానికీ వర్తిస్తుంది, 1797, 1812 చట్టాలు చెల్లవు.

క్లే ఓడిన కేసుల్లో ఇది పెద్దది. అయినా సాగుదారు పూర్తిగా మునగలేదు. 1809లో కెంటకీ ఇంకో చట్టం చేసి ఉంచింది: రికార్డులో ఆధారమున్న హక్కు కింద ఏడేళ్లు కాపురమున్నవాడిని తర్వాత దావాతో కదపకూడదు. దీన్ని సుప్రీంకోర్టు 1831లో హాకిన్స్ వర్సెస్ బార్నీ కేసులో నిలబెట్టింది. పరిహార చట్టానికీ కాలపరిమితి చట్టానికీ తేడా చూడండి. మొదటిది హక్కుదారు చేతిలోది తీసి ఇంకొకరికి ఇచ్చింది, రెండోది దావా వేసే గడువు మాత్రమే పెట్టింది. గడువు పెట్టే అధికారం ఏ రాష్ట్రానికైనా ఉంటుందని కోర్టు అంది.

మూడో_బెంచి

సెనేట్ వయసు సంగతి. పుట్టింది 1777 ఏప్రిల్ 12, సెనేట్‌లో కూర్చున్నది 1806 డిసెంబరు చివర్లో. 29 ఏళ్ల 8 నెలలు. రాజ్యాంగం 30 అడుగుతుంది. అప్పట్లో సెనేటర్లను ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభే, జాన్ అడైర్ రాజీనామాతో మిగిలిన కొద్ది నెలల పదవీకాలం కోసం పంపారు. ఎవరూ అభ్యంతరం లేవనెత్తలేదు, అంతే.

దానికి కొద్ది వారాల ముందు చేసిన వకాలతు ఆయన్ను చాలాకాలం వెంటాడింది. పడమటి రాష్ట్రాలను విడదీసే కుట్ర చేస్తున్నాడని మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో గ్రాండ్ జ్యూరీ విచారణ. క్లే అతని తరఫు ప్లీడరు. సెనేట్‌కు ఎన్నికవుతున్నవాడు ప్రభుత్వానికి ఎదురుగా ఎలా నిలబడాలన్న శంకతో, తనకు అలాంటి ఉద్దేశం లేదని బర్ దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకుని మరీ ఒప్పుకున్నాడు. జ్యూరీ నేరారోపణ చేయలేదు. వాషింగ్టన్ చేరాక అధ్యక్షుడు జెఫర్సన్ దగ్గరున్న ఆధారాలు చూసి మోసపోయానని గ్రహించాడు. కక్షిదారు మాటను కాగితం మీద తీసుకోవడం ప్లీడరును ఎంతవరకు కాపాడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

శాసనసభలో ఆయన చేసిన ఒక మంచి పని మరుగున పడిపోయింది. ఇంగ్లాండు మీద కోపంతో ఇంగ్లీషు కోర్టుల తీర్పులేవీ కెంటకీ కోర్టుల్లో చదవకూడదని బిల్లు తెచ్చారు. అది అలాగే పాసయితే ఈక్విటీ మొత్తానికి ఆధారం లేకుండా పోయేది, భూమి దావాలు ఏ సూత్రం మీద తేల్చాలో ఎవరికీ తెలిసేది కాదు. క్లే పట్టుబట్టి దాన్ని 1776 జూలై 4 తర్వాతి తీర్పులకే పరిమితం చేయించాడు. 1808 చట్టం అలాగే వచ్చింది. విత్ దగ్గర నేర్చుకున్నదాన్ని కాపాడుకున్నాడు.

1809 జనవరి 19న శాసనసభలో తోటి సభ్యుడు హంఫ్రీ మార్షల్‌తో ద్వంద్వయుద్ధం, క్లే తొడకు తూటా. సభ్యులు దేశంలో నేసిన బట్టలే కట్టాలన్న క్లే తీర్మానం మీద మొదలైన తగువు అది.

నల్లసిరా

ఒక దావా ఎవరూ ప్రస్తావించలేదు. క్లే ప్రతివాదిగా ఉన్నది. 1798లో కెంటకీ గెజెట్‌లో స్కీవోలా అన్న మారుపేరుతో బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేయాలని రాసిన మనిషి, ఆష్‌లాండ్‌లో పదులకొద్దీ బానిసలతో పని చేయించాడు. వాళ్లలో షార్లెట్ డుపుయ్ ఒకరు, 1806లో కొన్నాడు. క్లే విదేశాంగ మంత్రి పదవి ముగించుకుని కెంటకీకి బయలుదేరే వేళ, 1829 ఫిబ్రవరిలో, ఆమె తనకూ పిల్లలకూ స్వేచ్ఛ కావాలని వాషింగ్టన్‌లో కోర్టుకెక్కింది. ఆమె వాదన కూడా హక్కుల వరస మీదే: తల్లి స్వేచ్ఛ పొందినది, పాత యజమాని మాట ఇచ్చాడు. దావా నడుస్తున్నంత కాలం ఊరు దాటించకూడదు కాబట్టి వాషింగ్టన్‌లోనే ఉండి, తర్వాతి మంత్రి మార్టిన్ వాన్ బ్యూరెన్ దగ్గర కూలికి పనిచేసింది. 1830లో ఓడిపోయింది. అయినా తిరిగి రానంటే క్లే తన మనుషులతో ఆమెను నిర్బంధంలో పెట్టించి, తర్వాత న్యూ ఆర్లియన్స్‌లోని కూతురింటికి పంపించాడు. విముక్తి పత్రం మీద సంతకం పెట్టింది 1840లో. క్లే వకాలతు గురించి రాసేటప్పుడు ఈ కేసు కాగితాలు కూడా అదే బల్ల మీద ఉండాలి.

గొలుసు_లింకు

నల్లసిరా గారు చెప్పింది సరైన మాట, రాయాల్సిందే.

ప్రశ్న అడిగినవారికి ఒక చిన్న చేర్పు. ఓడినవాళ్లు ఎటు పోయారో చూడాలంటే ఒహాయో నది ఉత్తర ఒడ్డు చూడండి. 1785 ఆర్డినెన్సు ప్రకారం అక్కడ ప్రభుత్వమే ముందు కొలిచింది. 6 మైళ్ల చతురస్రానికి ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. నంబరు చెబితే నేల దొరుకుతుంది. కెంటకీలో హక్కుల తగాదాలతో విసిగి 1816లో ఇండియానాకు మకాం మార్చిన కుటుంబాల్లో థామస్ లింకన్‌ది ఒకటి. వెంట ఏడేళ్ల కొడుకు ఏబ్రహాం. ఆ పిల్లవాడే పెద్దయ్యాక స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్లీడరీ చేస్తూ, అంతకంటే ముందు కొంతకాలం తనే గొలుసు పట్టి సర్వే చేసి, 1852 జూలై 6న హెన్రీ క్లే సంతాప సభలో మాట్లాడాడు.